నెట్‌వర్క్ నేర్చుకుందాం – 3: లైటుంది, నెట్ లేదు

పోయిన పాఠంలో వైరు దగ్గర ఆగాం. ఎనిమిది తీగల్ని రంగుల వరసలో పెట్టి, ఆర్‌జే-45 క్లిప్పులో దూర్చి, క్రింపింగ్ టూల్‌తో నొక్కమన్నాను. మొదటి రెండు మూడు క్లిప్పులు పాడైతే బాధపడకండి, నాకైతే డజను పోయాయి. వైరు గుచ్చగానే స్విచ్ మీద, అంటే సిస్టంల వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె మీద, లైటు వెలిగిందంటే అక్కడిదాకా దారి ఉన్నట్టే. కానీ లైటు వెలిగినా నెట్ రాని రోజులుంటాయి. ఈ పాఠమంతా ఆ రోజుల గురించే.

ముందు అడ్రస్ సంగతి. మా నల్గొండలో ఇంటి నంబరు 5-6-112 అన్నట్టు ఉంటుంది. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, చివరిది ఇల్లు. పోస్ట్‌మ్యాన్ 112 ఒక్కటే చూసి బయల్దేరడు, ఎందుకంటే ప్రతి బ్లాకులోనూ ఒక 112 ఉండొచ్చు. కంప్యూటర్ ఐపీ అడ్రస్ కూడా అలాంటిదే. 192.168.1.14 – చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. ఇందులో బ్లాకు ఎంతవరకు, ఇల్లు ఎక్కణ్నుంచి అనేది పక్కనే ఉండే సబ్‌నెట్ మాస్క్ చెబుతుంది. 255.255.255.0 అని ఉంటే, 255 ఉన్న మూడు చోట్లూ కలిపి బ్లాకు, సున్నా ఉన్న చోటు ఇల్లు.

కాబట్టి 192.168.1.14, 192.168.1.25 ఒకే బ్లాకులో ఉన్నాయి, నేరుగా మాట్లాడుకుంటాయి. 192.168.0.25 వేరే బ్లాకు. దానితో మాట్లాడాలంటే వీధి చివర గేటు దాటాలి. ఆ గేటే గేట్‌వే, అంటే మన రౌటర్. మూడో అంకెలో ఒకటికీ సున్నాకీ ఉన్న ఈ తేడా నన్ను ఒక పూటంతా ఏడిపించింది. కాసేపట్లో చెప్తా.

మ్యాక్ అడ్రస్ అని ఇంకోటుంది. బండికి ఛాసిస్ నంబరు లాంటిది. కంపెనీలోనే నెట్‌వర్క్ కార్డుకు వేసి పంపుతారు, పన్నెండు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ఇల్లు మారితే ఐపీ మారుతుంది, ఇది మారదు. ఇప్పటి ఫోన్లు మాత్రం ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి. అందుకే రౌటర్‌లో మ్యాక్ చూసి పక్కింటోళ్లను ఆపుదామంటే అన్నిసార్లూ కుదరదు.

ఇప్పుడు చెయ్యి పెడదాం. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో సీఎండీ (cmd) అని కొట్టండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని, మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాటగా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. చాలా లైన్లు వస్తాయి, కంగారు పడొద్దు. మనకు కావలసినవి మూడే: ఐపీవీ4 అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, డీఫాల్ట్ గేట్‌వే.

ఇక నా కథ. నాది క్లాక్ టవర్ దగ్గర చిన్న నెట్ సెంటర్, ఆరు సిస్టంలు, ఒక ప్రింటర్. ఒకసారి స్విచ్‌లో పోర్టులు నిండిపోయాయి. కొత్త స్విచ్ ఎందుకు దండగ, అటక మీద పాత రౌటర్ ఉంది, దానికీ నాలుగు పోర్టులున్నాయి కదా అని దించి, రాత్రి షాపు మూసేముందు గుచ్చాను. అన్నీ పనిచేశాయి. హాయిగా ఇంటికెళ్లాను.

తెల్లారితే దోస్త్ రిజిస్ట్రేషన్ల రష్. డిగ్రీ సీట్ల కోసం పిల్లలు, వెంట తల్లిదండ్రులు, మెట్ల మీద దాకా లైను. మూడు సిస్టంలలో సైటు వస్తోంది, మూడింటిలో రావట్లేదు. నేను అలవాటుగా "సర్వర్ బిజీ, కాసేపు ఆగండి" అన్నాను. దేవరకొండ వైపు నుంచి కూతుర్ని తీసుకొచ్చిన ఒక పెద్దాయన అరగంట చూసి, మెల్లగా అన్నాడు:

"సర్వర్ బిజీ అయితే అందరికీ రావద్దు గద బిడ్డా. గా సిస్టంల అయితుంది, గీ సిస్టంల ఎందుకైతలేదు?"

నెట్‌వర్క్ రిపేరులో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఆయనకు తట్టింది, నాకు తట్టలేదు. వెంటనే రెండు సిస్టంలలో నల్ల కిటికీ తెరిచాను. నడుస్తున్న దాంట్లో అడ్రస్ 192.168.1.14, గేట్‌వే 192.168.1.1. నడవని దాంట్లో 192.168.0.102, గేట్‌వే 192.168.0.1. నేను వాటికి అడ్రస్ పెట్టలేదు. మరి ఎవరు పెట్టారు?

సిస్టం ఆన్ కాగానే దానికి అడ్రస్ ఉండదు. వైరు మీద అందరికీ వినబడేలా "నాకో అడ్రస్ కావాలి, ఇచ్చేవాళ్లున్నారా?" అని కేకేస్తుంది. రౌటర్ విని "14 ఖాళీగా ఉంది, తీసుకుంటావా?" అంటుంది. "సరే, అదే ఇవ్వు" అంటే "రాసుకున్నా, ఇన్ని గంటలు నీదే" అని ముగిస్తుంది. ఈ నాలుగు మాటల పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఇక్కడో మెలిక ఉంది. ఒకే వైరు మీద అడ్రసులు ఇచ్చేవాళ్లు ఇద్దరుంటే, మామూలుగా ముందు పలికినవాడిదే సిస్టం పట్టుకుంటుంది. నా పాత రౌటర్ మూడింటికి ముందు పలికింది. అడ్రస్ ఇచ్చింది గానీ, దాని వెనక నెట్ లేదు. రౌటర్లకు స్విచ్ అవతారం ఇస్తే వచ్చే చిక్కు ఇదే.

రాత్రి ఎందుకు బాగుంది? అప్పటికే ఆన్‌లో ఉన్న సిస్టంలకు అడ్రస్ గడువు ఇంకా ఉంది. పొద్దున ఆన్ చేసినప్పుడు కదా మళ్లీ అడిగాయి.

మందు సులువే. పాత రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి డీహెచ్‌సీపీ ఆపేశాను. దాని సొంత అడ్రస్‌ను 192.168.1.2గా మార్చాను, 1.1 పెడితే అసలు రౌటర్‌తో కొట్లాటవుతుంది కాబట్టి. వైరును వ్యాన్ అని రాసి ఉన్న పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులోనే ఉంచాను. తర్వాత ఆ మూడు సిస్టంలలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆ వెనకే ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొట్టాను. స్లాష్ ముందు ఒక ఖాళీ ఉంచాలి. 192.168.1 వరసలో కొత్త అడ్రసులు వచ్చాయి. పెద్దాయన కూతురి ఫారం అందరికంటే ముందు చేశాను, సర్వీస్ ఛార్జీ తీసుకోలేదు.

కొంతమంది ఈ గొడవంతా ఎందుకని ప్రతి సిస్టంకూ చేత్తో అడ్రస్ పెట్టేస్తారు. నాకు నచ్చదు. ఆర్నెల్లకు ఏ అంకె ఎవరికిచ్చామో మనకే గుర్తుండదు, ఒకే అంకె ఇద్దరికి పడి ఇద్దరూ ఆగిపోతారు. ప్రింటర్ ఒక్కదానికి మారని అడ్రస్ కావాలి. అదీ రౌటర్‌లోనే దాని మ్యాక్ పేరున రిజర్వ్ చేస్తే సరి.

169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే కథ వేరు. సిస్టం ఎంత కేకేసినా ఎవరూ పలకలేదు, విసుగొచ్చి తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుందన్నమాట. అప్పుడు వైరు, స్విచ్, రౌటర్ చూడండి. బ్రౌజర్‌ను తిట్టి లాభం లేదు.

అడ్రస్ సరిగ్గానే ఉన్నా నెట్ రాకపోతే దగ్గర్నుంచి దూరానికి వెళ్లండి. అవతలివాడు పలుకుతున్నాడో లేదో చూసే మాట పింగ్ (ping). ముందు నల్ల కిటికీలో పింగ్ కొట్టి, ఖాళీ ఇచ్చి, గేట్‌వే అంకె వేయండి. జవాబొస్తే మీ ఇంటివరకు బాగున్నట్టు. తర్వాత పింగ్ 8.8.8.8, అది గూగుల్ వాళ్లది. మొదటిది పలికి రెండోది పలక్కపోతే రౌటర్ అవతల చూడాలి, ఫోన్ చేయాల్సింది నెట్ ఇచ్చేవాళ్లకు. రెండూ పలికి సైటు మాత్రం తెరుచుకోకపోతే చాలాసార్లు సైటు పేరుకు అడ్రస్ చెప్పే పేర్ల పుస్తకం తప్పు, అంటే డీఎన్ఎస్. అది ఐదో పాఠం.

"మహబూబ్‌నగర్‌లో మా అన్న ఇంట్లో కూడా 192.168.1.1 అనే ఉంది, తగువు రాదా సార్?" అని మా షాపు పిల్లాడు అడిగాడు. రాదు. ఈ వరస ఇంటి లోపల వాడుకోవడానికే విడిచిపెట్టింది, 1996 నాటి ఒప్పందం. నాలుగు అంకెల పద్ధతిలో ఉండేవి మొత్తం 429 కోట్ల అడ్రసులే, ఊరూరా ఫోనూ టీవీ అడిగితే ఎక్కడ సరిపోతాయి? రౌటర్ ఆ లోటును ఎలా సర్దుతుందో వచ్చే పాఠంలో చూద్దాం.

అప్పటిదాకా ఇంటిపని. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి, మీ సిస్టంకు అడ్రస్ ఇచ్చింది ఎవరో, గడువు ఎన్ని గంటలో నోట్‌బుక్కులో రాయండి. ఇంకోటి: మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో ఒక సిస్టంకు ఎవరో చేత్తో అడ్రస్ పెట్టారు. ఐపీ 192.168.1.14, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.0.1. స్విచ్ మీద లైటు వెలుగుతోంది, పక్క సిస్టంలోని ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, నెట్ మాత్రం లేదు. ఏ అంకె మార్చాలి?