స్విచ్చి కట్టేసినా ఆగని అంబాసిడర్

ఎండలో తిరిగివచ్చిన పాత పెట్రోలు బండి, స్విచ్చి కట్టేశాక కూడా గడగడ కొట్టుకుంటూ ఉంటే గ్యారేజీలో తరచు వినిపించే మాట, "హెడ్ విప్పాలి." హెడ్ అంటే సిలిండర్ల మీది మూత. విప్పనివ్వకండి. ఆ ఖర్చు అన్నిటికంటే చివరిది. నాది 1978 మోడల్, 1489 సీసీ అంబాసిడర్. ఫిట్టర్‌గా రిటైరైనవాణ్ణి కనుక విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంటి ముందే దాని పనులన్నీ చూసుకుంటాను. స్పానర్లు, ఫీలర్ గేజి, టెస్ట్ ల్యాంపు ఉంటే ఈ పని మీరూ చేయగలరు.

ముందు దాన్ని ఆపే దారి. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, టాప్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఆగిపోతుంది. ముందు గోడా మనుషులూ లేకుండా చూసుకోండి. దానంతట అదే ఆగుతుందిలే అని వదిలేయకండి. చివరి కుదుపులో ఇంజిన్ ఒక్కోసారి వెనక్కి తిరుగుతుంది.

ఇక చెవి పెట్టి వినండి. స్విచ్చి వేసి ఉన్నప్పటిలాగే నిలకడగా నడుస్తోందా? అలాగైతే ఇంకా కరెంటు అందుతోందన్నమాట. అది నడుస్తుండగానే, ప్లగ్గులకు నిప్పురవ్వ కరెంటు అందించే కాయిల్‌కు స్విచ్చి వైరు వచ్చేచోట టెస్ట్ ల్యాంపు ఆనించండి. వెలిగితే స్విచ్చినో వైరింగునో అనుమానించాలి. డైనమో తీయించి ఆల్టర్నేటర్ పెట్టించిన బండ్లలో, చార్జింగ్ దీపం వైరు గుండా కరెంటు వెనక్కి వచ్చి ఇగ్నిషన్‌కు అందే వీలుంది. ఆ వైరులో సరైన వైపుకు డయోడు వేయిస్తే చాలు, కార్బురేటర్ జోలికి వెళ్లనక్కర్లేదు.

టెస్ట్ ల్యాంపు వెలగలేదు, ఇంజిన్ మాత్రం ఎగిరెగిరి పడుతోంది అంటే, ప్లగ్గులో నిప్పురవ్వ లేకుండానే పెట్రోలు అంటుకుంటోంది. సిలిండర్ లోపల ఎర్రగా కాగిన మసిపెళ్లో, ప్లగ్గు కొసో అగ్గి అందిస్తోంది. కార్బురేటర్‌కు కరెంటుతో పనిలేదు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అది పెట్రోలు పంపుతూనే ఉంటుంది.

అసలు కథ ఎక్కువగా పాయింట్ల దగ్గర మొదలవుతుంది. పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును తెంచి నిప్పురవ్వ పుట్టించే జత. వాటి మడమ అరిగేకొద్దీ మధ్య సందు తగ్గుతుంది. సందు తగ్గితే టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, వెనకబడుతుంది. టైమింగ్ వెనకబడితే ఇంజిన్ వేడెక్కుతుంది, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) నిలబడదు. జగదాంబ సిగ్నల్ దగ్గర నాలుగుసార్లు ఆగిపోయేసరికి విసిగి గ్యారేజీకి తీసుకెళతారు. అక్కడ స్లో స్క్రూ ఒకటిన్నర చుట్లు బిగించి పంపేస్తారు. రోగం దాక్కుంది, త్రాటిల్ (కార్బురేటర్‌లో గాలిని అదుపుచేసే రేకు) తెరిచే ఉండిపోయింది. స్విచ్చి కట్టేశాక గాలీ పెట్రోలూ ధారాళంగా లోపలికి వెళ్లేది ఆ త్రాటిల్ సందులోంచే.

కనుక వరస తప్పకండి. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లకు సరిచేయండి. తర్వాత టైమింగ్ పుస్తకంలో ఉన్న గుర్తుకు తేవాలి. సందు మారితే టైమింగూ మారుతుంది కాబట్టి ఈ రెండూ తారుమారు కాకూడదు. అప్పుడే స్లో తగ్గించండి. నేను 700 ఆర్‌పీఎం దగ్గర ఉంచుతాను. సగం బండ్లు ఇక్కడితో దారికి వస్తాయని నా నమ్మకం.

అప్పటికీ ఆగకపోతే గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం చూడండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత సెట్టింగుతో ఉన్న కార్బురేటర్‌లో అది మిశ్రమాన్ని పలచన చేస్తుంది, అంటే గాలి పాలు పెరిగి ఇంజిన్ వేడెక్కుతుంది. ఎస్‌యూ కార్బురేటర్ ఉన్నవారు దానిలోని పిస్టన్‌ను (ఇంజిన్ పిస్టన్ కాదు) పిన్నుతో ఒక మిల్లీమీటరు లేపి చూడండి. ఇంజిన్ తడబడి ఆగబోతే పలచన. అప్పుడు కింది జెట్ నట్టును ఒక్కో పలక (చుట్టులో ఆరో వంతు) చొప్పున కిందికి దించండి. త్రాటిల్ ఇరుసు అరిగి గాలి పీలుస్తున్నా ఇదే తంతు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, మరో కొస మానిఫోల్డ్ (సిలిండర్లకు మిశ్రమం తీసుకెళ్లే గొట్టం) అతుకుల దగ్గర పెడితే ఈల వినిపిస్తుంది. మండే స్ప్రే కొట్టి గాలి లీకు వెతికే పద్ధతి నాకు నచ్చదు. ఈ ఇంజిన్‌లో సైలెన్సర్ మానిఫోల్డ్ అదే పక్కన ఉంటుంది, మంటలు లేస్తాయి.

ప్లగ్గులు కొనేటప్పుడు జాగ్రత్త. ఎన్‌జీకేలో నంబరు పెరిగితే ప్లగ్గు చల్లన (వేడిని త్వరగా వదిలే రకం), బాష్‌లో పెరిగితే వేడి. కౌంటర్లో అబ్బాయి "రెండూ ఒకటేనండీ" అంటాడు, వినకండి. బీచ్ రోడ్డు వైపు ఉండేవారు ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్ రేకులు కూడా చూసుకోండి. ఉప్పుగాలికి పొడిపొడిగా రాలిపోతుంటాయి.

ఏది మార్చినా సింహాచలం ఘాట్ ఎక్కి, పైకి చేరగానే ఆపి చూడండి. చల్లటి ఇంజిన్‌తో ఇంటి ముందు చేసే పరీక్ష లెక్కలోకి రాదు. ఇన్ని చేసినా కొట్టుకుంటూనే ఉంటే, అప్పుడు హెడ్ విప్పించి మసి గీకించండి.