పల్లి బస్తాలో బూజు: తడి ఎక్కడినుంచి వచ్చింది?

వరంగల్ వైపు యాసంగి పల్లి ఇంటికొచ్చాక విత్తనానికి పక్కన పెట్టిన బస్తాలను మళ్లీ విత్తే దాకా విప్పం. వానాకాలం మొత్తం ఆ బస్తాల మీదుగానే పోతుంది. బూజు పట్టేది అప్పుడే. పచ్చగా కనిపించే ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం అది. ఎండబోస్తే బూజు ఎండుతుంది కానీ విషం పోదు. వేయించినా పూర్తిగా పోదు.

సమస్య: బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగులుతోంది, ముక్కిన వాసన వస్తోంది.
కారణం: ఆరకముందే మూతి కుట్టారు. కాయలో తేమ 8 శాతం లోపు ఉండాలి.
పరిష్కారం: అదే రోజు విప్పి, నల్లబడినవి, ముడుచుకున్నవి, పగిలినవి ముందే ఏరేయండి. మిగతావి పలుచగా ఆరబోసి తిరగేస్తూ ఉండండి. చెవి దగ్గర ఆడిస్తే కాయ గలగలమనాలి. గింజను నలిపితే పైపొర సులువుగా ఊడాలి. ఇవి అంచనాకే. మార్కెట్‌కు పోయినప్పుడు తేమ మీటరుతో చూపించుకుంటే టెన్షన్ ఉండదు.

సమస్య: కింది వరస బస్తాలే పాడయ్యాయి.
కారణం: సిమెంటు నేల, గోడ చెమ్మ.
పరిష్కారం: కింద చెక్కలు పరవండి, గోడకు అడుగు దూరం వదలండి.

సమస్య: వాన లోపలికి రాలేదు, అయినా పై బస్తాలు తడిశాయి.
కారణం: రాత్రి రేకులు చల్లబడితే లోపలి ఆవిరి నీటి బొట్లయి రాలుతుంది. చాలామంది పైన తాడిపత్రి కప్పి ఊరుకుంటారు. అప్పుడు బస్తాల చెమట కూడా లోపలే ఉండిపోతుంది.
పరిష్కారం: రేకుకూ బస్తాలకూ మధ్య గాలి ఆడనివ్వండి. పొడి రోజుల్లో తాడిపత్రి తీసేయండి.

సమస్య: కాయ బాగానే ఉండె, పొట్టు తీసే మిషన్ పట్టించిన గింజకు కొద్దిరోజులకే బూజు.
కారణం: నన్నడిగితే అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. గింజ పగలకుండా ఉండాలని మిషన్‌లో పోసే ముందు కాయ మీద నీళ్లు చల్లుతారు. నెలల తరబడి కాపాడిన పొడిదనం ఆ కాసేపట్లో పోతుంది. గింజకు రక్షణగా ఉన్న పొట్టు కూడా అప్పుడే పోతుంది. తడిసిన గింజను అలాగే సంచిలో కడితే బూజుకు ఇంకేం కావాలి?
పరిష్కారం: నీళ్లు చల్లొద్దని ముందే గట్టిగా చెప్పండి. కొన్ని పప్పులు పగిలితే పగలనివ్వండి, వాటిని వేరు చేసి ముందుగా వాడేయండి. విత్తనాన్ని మాత్రం కాయగానే దాచి, విత్తే ముందు చేత్తో ఒలవండి.

సమస్య: కాయలకు బెజ్జాలు, బస్తా అడుగున పిండి.
కారణం: పురుగు. అది తొలిచిన బెజ్జంలోంచి బూజు దిగుతుంది. పురుగు ఊపిరితోనే బస్తాలో వేడి, తేమ పెరుగుతాయి.
పరిష్కారం: బాగా ఎండిన కాయను గాలి చొరని ప్లాస్టిక్ పొర సంచుల్లో కట్టండి. పచ్చి కాయను వాటిలో పోయకండి.

ఏరేసిన బూజు గింజలను బర్రెకు పెట్టకండి. విషం రూపు మారి పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. గానుగకూ వేయకండి. ఎక్కువ విషం చెక్కలో మిగులుతుంది, కొంత నూనెలోకీ వస్తుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకొని ఏరి, బావికి దూరంగా లోతుగా పూడ్చండి. ఆ గోనె సంచిని కూడా వాటితోపాటే వేసేయండి.