రోహిణి కార్తె రాకముందే మీ తలనొప్పి ఏదో తెలుసుకోండి

ఎండాకాలంలో ఎవరు తల పట్టుకున్నా మన ఇళ్లలో ఒకే మాట: "ఎండ తగిలింది, మాత్ర వేసుకుని పడుకో." ఏళ్ల తరబడి పార్శ్వపు నొప్పితో బాధపడుతున్నదాన్ని కనుక చెబుతున్నాను, తలనొప్పులన్నీ ఒకటి కావు. మీది ఏదో ఇప్పుడే గుర్తుపట్టండి.

పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, ఎక్కువమందికి ఒక పక్క కణతలో మొదలై నాడి కొట్టుకున్నట్టు పోటు పెడుతుంది. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 3 రోజుల దాకా ఉండవచ్చు. కడుపులో తిప్పుతుంది, వెలుతురు చూడలేరు, గిన్నెల చప్పుడు కూడా భరించలేరు, మెట్లెక్కితే ఇంకా పెరుగుతుంది. కొందరికి ముందుగా కళ్ల ముందు మెరుపు గీతలు కదులుతాయి. ఎండ, వేళ తప్పిన భోజనం, ఉక్కపోతకు చెడిన నిద్ర దీన్ని రేపుతాయి. వేసవి పెళ్లిళ్లలో ఈ మూడూ కలుస్తాయి. ముహూర్తం దాటేదాకా పస్తుండే అమ్మలూ, అత్తలూ దయచేసి ముందే ఏదైనా తినండి. ఈ నొప్పి ఆడవాళ్లలోనే ఎక్కువ.

తల చుట్టూ పట్టీ బిగించినట్టు రెండు వైపులా ఉండి, పని చేసుకోనిచ్చేది ఒత్తిడి తలనొప్పి. ఒక కంటి వెనక పొడిచినట్టుండి, ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతూ, మనిషిని కుదురుగా కూర్చోనివ్వనిది క్లస్టర్ నొప్పి. అరుదే కానీ, డాక్టరు చూడవలసినది.

నీరు తగ్గి వచ్చే నొప్పికి నోరెండుతుంది, మూత్రం ముదురు పసుపవుతుంది. నీడకు చేరి ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్‌ నీళ్లో తాగితే సాధారణంగా తగ్గుతుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. తడిగుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

మాత్రలతో జాగ్రత్త. నెలలో 15 రోజులో అంతకు మించో పారాసిటమాల్ మింగుతూ నెలలు గడిపితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. రెండు మూడు మందులు కలిపిన బిళ్లలైతే 10 రోజులకే ఆ ప్రమాదం. నేను గోడ క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజున గీత, మాత్ర వేసుకున్న రోజున చుక్క పెట్టుకుంటాను. నా గీతలు చాలావరకు ఉపవాసాల పక్కనే పడుతున్నాయని అలాగే తెలిసింది. డాక్టరు దగ్గరికి ఆ కాగితమే తీసుకెళ్లండి.

నిమిషంలోపే భరించలేనంతగా పెరిగినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చేయి పట్టు తప్పినా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా ఎండ అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. యాభై దాటాక మొదటిసారి వచ్చిన కొత్త నొప్పినీ డాక్టరుకు చూపించాల్సిందే.