తెల్ల పంచె, బెల్లం, ఓక్ చెట్టు: ఏడాదంతా మాత్‌లు చూడడం ఎట్ల

మే మొదటి వారం, రాత్రి పన్నెండు దాటింది. వర్జీనియాలో బ్లూ రిడ్జ్ కొండల కింద ఉంటం మేము, ఇంటి వెనకే ఓక్, హికరీ చెట్ల అడవి. రెండు చెట్ల మధ్య తాడు కట్టి నాన్న తెల్ల పంచె ఆరేసి లైటు పెట్టిన, ఇంక లోపలికి పోదాం అనుకునేసరికి లేతాకు రంగులో అరచేతి అంత లూనా మాత్ (మాత్ అంటే రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుక లాంటి పురుగు) వచ్చి పంచె అంచుకి వేలాడింది. రెక్కల కింద రెండు పొడుగు తోకలు, ముందు అంచున వంకాయ రంగు గీత, ఒళ్ళంతా తెల్లటి నూగు. దానికి పనికొచ్చే నోరే ఉండదు, రెక్కలొచ్చినంక ఏమీ తినదు, వారం రోజులు బతికి జత కట్టి గుడ్లు పెట్టి పోతది. ఆ తోకలు ఎగిరేటప్పుడు గిర్రున తిరుగుతయ్, గబ్బిలం విసిరే శబ్దం వాటికి తగిలి అది ఒంటిని వదిలేసి తోక మీద పడుతది.

అమెరికా ఈస్ట్ కోస్ట్‌లో ఉండే మనవాళ్ళు చాలామందికి పెరటి వెనకే ఇలాంటి హార్డ్‌వుడ్ అడవి ఉంటది, అందుకే ఇది రాస్తున్న. జులై ఆఖర్లో నేషనల్ మాత్ వీక్ అని ఒకటుంది, 2012లో న్యూజెర్సీ ఈస్ట్ బ్రున్స్‌విక్‌లో మొదలైంది, దాని పుణ్యమా అని చాలామంది ఏడాదికి ఒక్కసారి దుప్పటి కడ్తరు, మంచిదే. కానీ ఈ అడవిలో ఏ నెల మాత్‌లు ఆ నెలవే, చెట్టు ఆకు ఏ దశలో ఉందో దాన్నిబట్టి వచ్చిపోతయ్, జులైలో ఒక్కరోజు చూస్తే మిగతా పదకొండు నెలలవి మనకు తెలియనే తెలియవు. కాబట్టి నా మాట ఒకటే, కొత్త కొత్త చోట్లకి తిరగకండి, ఒకే జాగా, అవే నాలుగు చెట్లు పట్టుకుని ఏడాది పొడుగునా చూడండి.

ముందు లైటు సంగతి. మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇక్కడే. డబ్బా మీద బ్లాక్ లైట్ అని ఉంటే చాలనుకుని పార్టీల్లో వాడే ఊదారంగు బల్బు కొన్న, నెల రోజులు పెట్టినా దోమలు తప్ప పెద్దగా ఏం రాలేదు. తర్వాత చూస్తే దాని వెలుగు అల పొడుగు 400 నానోమీటర్ల దగ్గరది. మాత్‌లకి కావాల్సింది 365 చుట్టుపక్కల ఉండే అల్ట్రావయొలెట్ (యూవీ), కొనేముందు ఆ నంబర్ చూసుకోండి. మెర్క్యురీ వేపర్ బల్బులు ఇంకా దూరం నుంచి లాగుతయ్, కానీ బాగా వేడెక్కుతయ్, వాన చుక్క పడితే పగిలిపోవచ్చు, పిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దంట. ఏ యూవీ లైటైనా దానివైపు అదేపనిగా చూడొద్దు, యూవీని ఆపే కళ్ళద్దాలు పెట్టుకోండి.

బట్ట పాత కాటన్‌దైతే మంచిది, కాళ్ళు పట్టు దొరుకుతయ్, పాలిస్టర్ మీద జారుతయ్. కింద ఒక మూర గడ్డి మీద పరుచుకునేలా వదిలేయండి, సగం మాత్‌లు కిందే పడి ఉంటయ్, అడుగేసేముందు చూసి వేయాలి. లైటు బట్టకి జానెడు దూరంలో ఉండాలి. పోర్చ్ లైటు, కిచెన్ లైటు అన్నీ ఆపేయండి, పక్కింటివాళ్ళకి ముందే ఒక మాట చెప్పండి, అర్ధరాత్రి పెరట్లో ఊదా వెలుగు కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తది కదా. ఇంక నేషనల్ పార్కుల్లో బట్ట కట్టడం, కింద చెప్పబోయే బెల్లం చెట్లకి పూయడం సొంతంగా చేయకండి, రేంజర్ ఆఫీసులో అడిగి పర్మిషన్ ఉంటేనే.

దీపం చుట్టూ పురుగులు ఎందుకు తిరుగుతయో అని మనం చిన్నప్పటి నుంచి అనుకునేదే కదా, దీపం మీద ప్రేమ అని పద్యాలు కూడా చదువుకున్నం. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో హైస్పీడ్ కెమెరాలతో చూస్తే తేలిందేంటంటే అవి వెలుగు ఎటుంటే అటు వీపు తిప్పుతయ్, ఎందుకంటే రాత్రిపూట కూడా ఆకాశమే కాస్త వెలుగ్గా ఉంటది కాబట్టి వెలుగు ఉన్న వైపే పైవైపు అని వాటి ఒంటికి తెలుసు, మన బల్బు దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తప్పి అక్కడక్కడే చుట్టు తిరుగుతయ్. అంటే ఇష్టంతో రావట్లేదు, చిక్కుకుంటున్నయ్. ఇది తెలిసినప్పటి నుంచి నేను రాత్రంతా లైటు వదలట్లేదు, రెండు మూడు గంటలు చూసి ఆపేస్తున్న, వారానికి ఒక రాత్రి మించి పెట్టట్లేదు.

ఏ రాత్రి మంచిదంటే అమావాస్యకి అటూ ఇటూ, మబ్బు పట్టి, గాలి లేకుండా ఉక్కగా ఉన్న రాత్రి. టెంపరేచర్ 60 ఫారెన్‌హీట్ పైన ఉంటే సంతోషం. పౌర్ణమి నాడు చలిగాలిలో కూర్చుని ఏం రాలేదని నిరాశపడకండి. టైము కూడా ముఖ్యం, చీకటి పడంగనే చిన్నచిన్నవి వస్తయ్, లూనా లాంటి పెద్దవి పదకొండు దాటినంకనే ఎక్కువ, తొమ్మిదింటికే లోపలికి పోయి పడుకుంటే వాటిని చూడలేరు.

ఇప్పుడు కాలాలు. మా వైపు ఏప్రిల్ ఆఖరు నుంచి మే దాకా లూనా మొదటి బ్యాచ్, హికరీ, వాల్‌నట్ ఆకులు విప్పుకునే టైమ్‌కి సరిగ్గా వస్తది, జులైలో రెండో బ్యాచ్. అదే ఇంకా ఉత్తరానికి పోతే ఏడాదికి ఒక్క బ్యాచే. మేలోనే రోజీ మేపుల్ మాత్ మొదలవుతది, గులాబీ రంగు, నిమ్మపండు పసుపు కలిసి పిల్లలు క్రేయాన్‌తో వేసినట్టుంటది, ఇంట్లో పిల్లలకి ఈ పిచ్చి పట్టించాలంటే ముందు ఇదే చూపించండి. సెక్రోపియా కూడా మే, జూన్‌లోనే, నార్త్ అమెరికా సొంత మాత్‌లలో అన్నిటికంటే పెద్దది, రెక్కలు పరిస్తే ఆరంగుళాలు ఉండొచ్చు.

అదే టైములో పాలీఫీమస్ వస్తది, దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. లేత గోధుమరంగు రెక్కలు, వెనక రెక్కల మీద గుడ్లగూబ కళ్ళలాంటి రెండు మచ్చలు. మా అమ్మమ్మ వాళ్ళది చెన్నూరు వైపు, అక్కడ నల్లమద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచుతరు, చిన్నప్పుడు ఆ కాయలు చేతిలో పట్టుకుని ఊపి చూసేవాళ్ళం. ఆ దసలి పురుగు, ఈ పాలీఫీమస్ శాస్త్రం ప్రకారం ఒకే ఇంటిపేరువి, రెండూ ఆంథీరియా. మొదటిసారి పంచె మీద దీన్ని చూసినప్పుడు పేరు తెలియకముందే ఎక్కడో చూసినట్టనిపించింది. ఇక్కడ కూడా దీనితో పట్టు తీద్దామని 1860ల్లో మసాచుసెట్స్ మెడ్‌ఫర్డ్‌లో ట్రూవెలో అనే ఆయన పెంచిండు, అదే ఆయన యూరప్ నుంచి ఇంకో మాత్‌ని కూడా తెచ్చిండు, అది తప్పించుకుని అడవుల్లో పడ్డది. ఇప్పుడు స్పాంజీ మాత్ అంటున్నది అదే, ఓక్ చెట్లను మోడు చేస్తది. దాన్ని అదుపు చేయడానికని 1906లో తెచ్చిన ఒక ఈగ లూనా, సెక్రోపియా, పాలీఫీమస్ పురుగుల మీద కూడా పడ్డది, న్యూ ఇంగ్లండ్‌లో పెద్ద పట్టు మాత్‌లు తగ్గిపోవడానికి అదొక కారణం అంటరు. అందుకే చలికాలంలో ఓక్ కాండం మీద తోలురంగు స్పాంజిలాంటి గుడ్ల ముద్దలు కనిపిస్తే కత్తితో గీకి సబ్బునీళ్ళలో వేయండి, ఈ ఒక్కదాని విషయంలో జాలి పడకండి.

జూన్, జులైలో ఇంపీరియల్, రీగల్ మాత్‌లు. ఈ రీగల్ పిల్లపురుగుని హికరీ హార్న్‌డ్ డెవిల్ అంటరు, అయిదంగుళాల పొడుగు, తల వెనక ఎర్ర కొమ్ములు, చూస్తే గుండె ఆగుతది గానీ ఏమీ చేయదు. ఆగస్టు, సెప్టెంబర్‌లో మట్టిలోకి పోవడానికి చెట్టు దిగి నేల మీద నడుస్తది, దారిలో కనిపిస్తే తొక్కకుండా పక్కకి పెట్టండి. కానీ నూగు, ముళ్ళు ఉన్న వేరే గొంగళిపురుగుల్ని చేత్తో ముట్టుకోవద్దు, ఐయో మాత్‌ది, శాడిల్‌బ్యాక్ అనేది బాగా కుడ్తయ్.

జులై మధ్య నుంచి సెప్టెంబర్ దాకా నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, బెల్లం పూయడం. అండర్‌వింగ్ అనే మాత్‌లకి లైటు కంటే తీపి వాసనే ఎక్కువ ఇష్టం. బాగా నల్లబడిన అరటిపండ్లు నాలుగు, ఇండియన్ స్టోర్ బెల్లం అర కిలో, ఒక బీరు, అన్నీ కలిపి మెత్తగా పిసికి ఒకట్రెండు రోజులు వెచ్చని చోట పులియబెట్టండి, మూత బిగించొద్దు, గ్యాస్‌కి పేలుతది. పొద్దు వాలేటప్పుడు పెయింట్ బ్రష్‌తో పది, పన్నెండు చెట్ల కాండాలకి ఛాతీ ఎత్తులో ఒక పట్టీలాగ పూయండి. చీకటి పడ్డంక అరగంటకోసారి ఎర్ర టార్చ్‌తో ఒక రౌండు పోవాలి, అడుగులు మెల్లగా, నీడ పడకుండా. పైరెక్కలు అచ్చం ఓక్ బెరడే, అక్కడుందని తెలిసినా కన్ను పట్టుకోదు. తాగుతూ తాగుతూ పైరెక్కలు కొంచెం పక్కకి జరుపుతది, లోపల నారింజ, నలుపు పట్టీలు ఒక్కసారి కనిపిస్తయ్. నిరుడు ఆగస్టులో ఒకదాని ముందు పావుగంట నిలబడ్డ, నాలుక చుట్ట విప్పి బెరడు పగుళ్ళలో ఒక్కొక్క సందూ వెతుక్కుంటూ తాగింది, పక్కనే చీమ వస్తే ఒక కాలితో తోసేసింది.

నార్త్ అమెరికాలో ఈ అండర్‌వింగ్‌లు వందకి పైగా రకాలు. పేర్లు చూడండి, విడో, బిట్రోత్డ్, వన్స్ మ్యారీడ్, ఇన్‌కన్సోలబుల్, అంటే వితంతువు, నిశ్చితార్థమైనది, ఒకసారి పెళ్ళైనది, ఎంత ఓదార్చినా ఊరుకోనిది. పెళ్ళిళ్ళ కబుర్లన్నీ పేర్లలోనే ఉన్నయ్.

ఒక జాగ్రత్త, ఎలుగుబంట్లు తిరిగే చోట ఈ బెల్లం ముద్ద ఇంటికి, టెంటుకి దగ్గర్లో పూయొద్దు, మిగిలింది బయట వదలొద్దు, కార్లో కూడా పెట్టొద్దు. ఇంకోటి టిక్స్, మన దగ్గర పశువులకి పట్టే పిడుదుల లాంటివే, ఇక్కడ వీటితో లైమ్ జబ్బు వస్తది. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, బట్టలకి పెర్మెత్రిన్ కొట్టుకోండి, ఇంటికొచ్చినంక మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో చూసుకునే పడుకోండి.

పొద్దున పని మర్చిపోవద్దు. తెల్లారేసరికి రెన్ పిట్టలు పంచె దగ్గర కాచుకుని ఉంటయ్, మీరు లేటుగా లేస్తే కింద రెక్కలే మిగులుతయ్. లైటు ఆపిన వెంటనే బట్టని దూరంగా పొదల్లోకి నెమ్మదిగా దులపండి. ఫోటోలు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి ఐన్యాచురలిస్ట్ అనే యాప్‌లో పెడితే పేర్లు దొరుకుతయ్, కానీ నోట్‌బుక్ ఒకటి కూడా పెట్టుకోండి, తేదీ, టెంపరేచర్, ఏ చెట్టు, ఆకు ఎంత ఉంది. లైటు కొనే ఓపిక లేనివాళ్ళు అడవి పక్కన రాత్రంతా లైట్లుండే గ్యాస్ స్టేషన్, రెస్ట్ ఏరియా గోడలు తెల్లవారుజామున చూడండి, సెక్రోపియాని నేను మొట్టమొదట చూసింది అట్లనే.

అక్టోబర్‌లో ఆకు రాలినప్పుడు చెట్ల కింది ఆకుని బ్లోయర్‌తో ఊడ్చి సంచుల్లో కట్టి పంపకండి. లూనా గూడు ఆ ఎండాకులోనే చుట్టుకుని ఉంటది, సంచి పోతే వచ్చే మే నెల లూనా కూడా దాంతోనే పోతది. లాన్ మీదిది తీయాల్సి వస్తే ఓక్ మొదట్లోకి జరపండి చాలు. ఈ ఓక్ మామూలు చెట్టు కాదు, డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డగ్ టాలమీ లెక్క ప్రకారం ఈ మిడ్ అట్లాంటిక్ ప్రాంతంలో ఓక్‌ల మీద 500కి పైగా రకాల మాత్‌లు, సీతాకోకచిలుకల పురుగులు బతుకుతయ్.

నవంబర్‌లో చలి పట్టినంక టార్చ్ తీసుకుని కాండాల మీద చూడండి, ఫాల్ క్యాంకర్‌వర్మ్ ఆడమాత్ రెక్కల్లేకుండా బూడిదరంగు సాలీడులాగ పైకి నడుస్తుంటది. డిసెంబర్, జనవరిలో సాసఫ్రాస్, స్పైస్‌బుష్ కొమ్మలకి ఒక్కటే ఎండాకు రాలకుండా వేలాడుతుంటే దగ్గరికి పోయి చూడండి, కాడ దాకా పట్టు చుట్టి ఉంటే అది ప్రొమీథియా మాత్ గూడు, చూసి అట్లనే వదిలేయండి.

ఫిబ్రవరిలో 45 ఫారెన్‌హీట్ దాటిన రాత్రి ఒకటి రాంగనే ఫ్రిజ్‌లో దాచిన బెల్లం మళ్ళీ తీస్త. అప్పుడొచ్చేవి సాలో మాత్‌లు, చలికాలమంతా ఎండాకుల కింద దాక్కుని, కాస్త వెచ్చబడితే లేచి మేపుల్ చెట్ల నుంచి కారే తీపినీళ్ళు తాగుతయ్. తాగినంక వెంటనే ఎగరలేవు, రెక్కల కండరాలు వణికించి ఛాతీ దాదాపు 30 సెల్సియస్ దాకా వేడెక్కించుకోవాలి. ఎర్ర టార్చ్ దూరంగా పెట్టి చూడండి, రెక్కలు కదిలీ కదలనట్టు సన్నగా వణుకుతుంటయ్, చూస్తుండంగనే వణుకు పెరుగుతది, ఒక్కసారిగా చేతి పక్కనుంచి చీకట్లోకి పోతది.