అత్యవసర వైద్య సేవ డ్యూటీ ఎక్కేముందు: చట్టం, నైతికత, సొంత భద్రత విషయాల్లో జాగ్రత్తలు

అత్యవసర వైద్య సేవలో కొత్తగా చేరేవారు కట్టు కట్టడం, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, శ్వాస అందించడం) చేయడం, ఆక్సిజన్ పెట్టడం శ్రద్ధగానే నేర్చుకుంటారు. అయితే వారిని చిక్కుల్లో పడేసేవి తరచుగా ఈ పనులు కావు. బండి దిగేముందు చుట్టూ చూడకపోవడం, అడగకుండా రోగి మీద చేయి వేయడం, రోగిని ఎవరికి అప్పగించామో రాసుకోకపోవడం వంటి చిన్న లోపాలే తరువాత పెద్దవవుతాయి. ఘటనా స్థలంలో వీటిని కూర్చుని ఆలోచించే వ్యవధి దొరకదు కనుక డ్యూటీకి ముందే ఒక నిర్ణయానికి వచ్చి ఉండాలి. చట్టాలు దేశాన్ని బట్టి, ఒకే దేశంలో ప్రాంతాన్ని బట్టి కూడా మారతాయి. కాబట్టి తాము పనిచేసే చోట అమలులో ఉన్న నిబంధనలను, చికిత్సా ప్రోటోకాల్‌ను లిఖిత రూపంలో తీసుకుని చదువుకోవడం మొదటి జాగ్రత్త.

రెండో జాగ్రత్త శరీరానికీ సామగ్రికీ సంబంధించినది. రక్తం ద్వారా సోకే కాలేయ వ్యాధి హెపటైటిస్-బికి టీకా మూడు డోసులు సాధారణంగా 6 నెలల వ్యవధిలో పూర్తవుతాయి. చివరి డోసు తీసుకున్న ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకుంటే రక్షణ వచ్చిందో లేదో తెలుస్తుంది. ఆక్సిజన్ సిలిండర్‌లో పీడనం, ఏఈడీ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) బ్యాటరీ, దాని ప్యాడ్ల గడువు తేదీ, నోటిలోని ద్రవాలను పీల్చి తీసే సక్షన్ యంత్రం పనితీరు ప్రతి డ్యూటీ మొదట్లోనే చూసి, చూసినట్టు సంతకం చేయాలి. చూడకుండా పెట్టిన సంతకం, అసలు సంతకం లేకపోవడం కన్నా ప్రమాదకరం.

ఘటనా స్థలానికి చేరాక ముందు సొంత భద్రత, తరువాత తోటి సిబ్బంది భద్రత, ఆ తరువాతే రోగి. ఈ వరుస స్వార్థంగా తోచవచ్చు. కానీ సహాయకుడు గాయపడితే బాధితుల సంఖ్య ఒకటి పెరుగుతుంది, సాయం చేసే చేతులు రెండు తగ్గుతాయి. తెగిపడిన విద్యుత్ తీగ ఏదైనా సరే, విద్యుత్ సంస్థ సిబ్బంది సరఫరా ఆపినట్టు నిర్ధారించేవరకు అందులో కరెంటు ఉన్నట్టే భావించి దూరంగా ఉండాలి. తీగ వాహనం మీద పడి ఉంటే, మంటల వంటి ముప్పు లేనంతవరకు, లోపలివారిని లోపలే ఉండమని చెప్పాలి. రసాయనాలు ఒలికినచోట గాలి వాటం చూసుకుని, గాలి ఏ వైపు నుంచి వీస్తోందో ఆ వైపున, ఎత్తయిన చోట నిలబడాలి.

మురుగు గుంతలు, బావులు, మూసి ఉన్న ట్యాంకుల విషయంలో మరింత కఠినంగా ఉండాలి. లోపల స్పృహ తప్పిన వ్యక్తి కోసం ఒకరి వెనుక ఒకరు దిగి అందరూ ప్రాణాలు కోల్పోయే ప్రమాదాలు ఇలాంటి చోట్లనే జరుగుతాయి. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగినప్పుడు ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది కనుక, వాసన రావడం లేదన్న ధీమాతో దిగకూడదు. శ్వాస పరికరాలతో శిక్షణ పొందిన రక్షక బృందం వచ్చేవరకు బయటే ఆగడం చేతగానితనం కాదు. ఘర్షణ జరిగిన చోట కూడా పోలీసులు అదుపులోకి తెచ్చేవరకు ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఎవరి రక్తమైనా, శరీర ద్రవమైనా అంటువ్యాధికి కారణం కాగలదన్న భావనతోనే ప్రతి రోగి దగ్గర గ్లౌజులు వేసుకోవాలి. రక్తం చిమ్మే అవకాశం ఉంటే కళ్లద్దాలు, మాస్కు కూడా అవసరం. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా వెంటనే సూదుల డబ్బాలో వేయాలి. సూది గుచ్చుకుంటే ఆ చోటును సబ్బుతో, నీటితో కడిగి ఆలస్యం లేకుండా పై అధికారికి తెలపాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటాక మొదలుపెట్టి ప్రయోజనం ఉండదు. మందలింపుకు భయపడి దాచిపెట్టేవారు పోగొట్టుకునేది ఈ విలువైన సమయాన్నే.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన అవసరమైనది సమ్మతి. స్పృహలో ఉన్న వయోజనుడికి తామెవరో చెప్పి, ఏం చేయబోతున్నారో, దానివల్ల కలిగే మేలు, కీడు ఏమిటో అర్థమయ్యే మాటల్లో వివరించి, ఆయన ఒప్పుకున్నాకే చేయి వేయాలి. మంచి ఉద్దేశంతో చేసినా, వద్దన్న వ్యక్తి మీద బలవంతంగా చేసే చికిత్స అనేక దేశాల చట్టాల్లో దౌర్జన్యం కిందికి వస్తుంది. స్పృహ లేని వ్యక్తి విషయంలో, తెలివిలో ఉంటే సాయం కోరేవారేనన్న భావనతో చట్టం సమ్మతి ఉన్నట్టే పరిగణిస్తుంది. మైనర్ల విషయంలో తల్లిదండ్రులు లేదా సంరక్షకుల అనుమతి తీసుకోవాలి. వారు అందుబాటులో లేక ప్రాణాపాయం ఉంటే చికిత్స ఆపకూడదు.

చికిత్స వద్దనే హక్కు రోగికి ఉంది. అయితే ఆ నిర్ణయం తీసుకునే స్థితిలో ఆయన ఉన్నారా లేదా అన్నది తేల్చాల్సింది సహాయకుడే. తానెవరో, ఎక్కడున్నారో, ఏం జరిగిందో చెప్పగలుగుతున్నారా, చికిత్స తీసుకోకపోతే ఏమవుతుందో వివరించాక దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పగలుగుతున్నారా అని చూడాలి. రక్తంలో చక్కెర పడిపోయిన రోగి, తలకు దెబ్బ తగిలిన రోగి, ఆక్సిజన్ అందని రోగి మద్యం తాగినవారిలా తూలుతూ, తిడుతూ కనిపించవచ్చు. తాగుబోతు అని ముద్ర వేసి వదిలి వెళ్లడం వైద్యపరంగానూ, నైతికంగానూ, చట్టపరంగానూ తప్పే. కాబట్టి చక్కెర, ఆక్సిజన్ స్థాయిలు చూడనిదే ఆ మాట నోటి వెంట రానివ్వకూడదు. నిర్ణయ సామర్థ్యం ఉన్న రోగి స్పష్టంగా నిరాకరిస్తే వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడించి, మరోసారి నచ్చజెప్పి, ఎప్పుడైనా మళ్లీ పిలవవచ్చని చెప్పి, సాక్షి సమక్షంలో సంతకం తీసుకోవాలి. సంతకానికీ ఒప్పుకోకపోతే ఆ సంగతే రాసి సాక్షి చేత సంతకం చేయించాలి. ఉద్రేకంలో ఉన్న రోగిని నిబంధనల ప్రకారం అదుపు చేయాల్సి వచ్చినా బోర్లా పడుకోబెట్టి కట్టకూడదు, ఎందుకంటే ఆ భంగిమలో ఊపిరి ఆగి చనిపోయే ముప్పు ఉంది.

నిర్లక్ష్యం ఆరోపణ నిలబడాలంటే సాధారణంగా నాలుగు విషయాలు రుజువు కావాలి: సహాయకుడికి బాధ్యత ఉండటం, ఆయన దాన్ని తప్పడం, రోగికి హాని జరగడం, ఆ హానికి ఆ తప్పే కారణం కావడం. శిక్షణ అనుమతించిన హద్దు దాటి చేసిన పని ఫలితం బాగున్నా రక్షణ ఇవ్వదు, ఫలితం చెడితే అసలే ఇవ్వదు. చికిత్స మొదలుపెట్టాక తనతో సమానమైన లేదా అంతకన్నా ఎక్కువ శిక్షణ ఉన్నవారికి అప్పగించకుండా వెళ్లిపోవడం రోగిని వదిలివేసినట్టే. ఆసుపత్రి ద్వారం దగ్గర స్ట్రెచర్ దింపి వెనుదిరిగితే అప్పగింత అయినట్టు కాదు. రోగి పరిస్థితి, ఇచ్చిన మందులు, రక్తస్రావం ఆపడానికి పట్టీ బిగించి ఉంటే బిగించిన సమయం నోటితో చెప్పి, తీసుకున్నవారి పేరు రాసుకోవాలి.

శరీరం కొయ్యబారడం, కుళ్లిపోవడం వంటి స్పష్టమైన మరణ చిహ్నాలు లేనప్పుడు, చట్టబద్ధమైన డీఎన్ఆర్ పత్రం (గుండె ఆగితే సీపీఆర్ చేయవద్దని తెలిపే పత్రం) చేతికి అందనప్పుడు సీపీఆర్ మొదలుపెట్టడమే సరైన పని. పత్రం ఉందని బంధువులు నోటితో చెబితే చాలదు. అసలైనదో కాదో సందేహం ఉంటే చికిత్స కొనసాగిస్తూనే వైద్యుడిని సంప్రదించాలి. నేరం జరిగినట్టు అనుమానం ఉన్నచోట ప్రాణం కాపాడటమే ముందు. అయినా అవసరం లేని వస్తువులు ముట్టుకోకుండా, దుస్తులు కత్తిరించేటప్పుడు తూటా లేదా కత్తి చేసిన రంధ్రం గుండా కాకుండా పక్కనుంచి కత్తిరించాలి. పిల్లల మీద హింస జరిగినట్టు అనుమానం వస్తే ఎవరికి, ఎంత సమయంలో తెలపాలో స్థానిక చట్టంలో ముందే చూసి ఉంచుకోవాలి.

రోగి వివరాలు చికిత్సలో పాలుపంచుకునేవారికి, చట్టం కోరినవారికి తప్ప ఇతరులకు చెప్పకూడదు. సొంత ఫోన్‌తో తీసిన ఫొటో, ముఖం కనిపించకపోయినా, గోప్యత భంగమే అవుతుంది.

కేస్ షీట్ మాత్రం ఆ రోజే, ఆ వెంటనే రాయాలి. చూసినవి, కొలిచినవి, రోగి అన్న మాటలు సమయంతో సహా ఉండాలి. ‘తాగి ఉన్నాడు’ అని తీర్పు రాసే బదులు ‘నోటి నుంచి మద్యం వాసన, తడబడే మాట’ అని గమనించింది మాత్రమే రాయాలి. చేసిన పని కాగితం మీద లేకపోతే అది చేసినట్టు నమ్మించడం కష్టమవుతుంది. పొరపాటు రాస్తే దాన్ని చెరపకుండా, దిద్దే ద్రవం పూయకుండా, చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, సరైనది పక్కన రాసి, సంతకం, తేదీ, సమయం వేయాలి.