టూ స్ట్రోక్ డర్ట్ బైక్ ఇంజన్‌లో అరిగిన స్లీవ్ మార్చే విధానం

కొత్త పిస్టన్, కొత్త రింగులు వేసినా కిక్ కొట్టినప్పుడు కాలికి గట్టిదనం తగలకపోతే, లోపం చాలావరకు బోరులోనే, అంటే పిస్టన్ కదిలే రంధ్రంలోనే ఉంటుంది. అయితే స్లీవ్ (ఆ రంధ్రానికి గోడగా ఉండే ఇనుప గొట్టం) మార్చే ముందు బోరును కొలిచి తీరాలి. బోర్ గేజ్‌తో పైభాగంలోనూ, పోర్టులకు (గోడలో వాయువులు వచ్చిపోయే కిటికీలకు) కాస్త ఎగువనా, అడుగునా కొలవాలి. ప్రతిచోటా పిస్టన్ పిన్ దిశలో ఒకసారి, దానికి అడ్డంగా మరొకసారి కొలిచి, ఆ కొలతల మధ్య తేడాను సర్వీస్ మాన్యువల్ ఇచ్చిన హద్దుతో పోల్చాలి. తదుపరి ఓవర్‌సైజు (కాస్త పెద్ద) పిస్టన్ దొరికి, గీతలు లోతుగా లేకపోతే రీబోరు, అంటే బోరును ఆ సైజుకు పెద్దది చేయడం సరిపోతుంది. ఓవర్‌సైజులన్నీ అయిపోయినప్పుడు, లేదా పిస్టన్ పట్టేసి స్లీవ్ చిట్లినప్పుడు మాత్రమే స్లీవ్ మార్చాలి. సిలిండర్ అడుగు అంచున అల్యూమినియం లోపల వేరుగా ఇనుప వలయం కనబడితే అది స్లీవ్ ఉన్న సిలిండర్. అలా కనబడకపోతే అది బోరు గోడ మీద నేరుగా నికాసిల్ అనే గట్టి పూత వేసినది కావచ్చు, దాని మరమ్మతు పద్ధతి వేరు.

స్లీవ్ దిగడం కొన్ని క్షణాల పని. దానికి ముందు చేసే సిద్ధం మీదే ఫలితమంతా ఆధారపడుతుంది. సిలిండర్ నుంచి స్టడ్లు, ఓరింగులు, పవర్ వాల్వ్ (ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తును మార్చే పరికరం) భాగాలు అన్నీ విప్పి, నూనె, మసి పూర్తిగా కడగాలి. పాత స్లీవ్ కాలర్ (పైన వెడల్పుగా ఉండే అంచు) మీద, దాని పక్కనే సిలిండర్ పైముఖం మీద ఒకే వరుసలో సన్నని గీత గీయాలి. పైముఖం నుంచి ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు వరకు ఉన్న దూరాన్ని కొలిచి రాసుకోవాలి, ఎందుకంటే పోర్టు ఏ మాత్రం పైకి, కిందకి జరిగినా ఇంజన్ లాగే తీరే మారిపోతుంది. కొత్త స్లీవ్ బయటి వ్యాసం, అది కూర్చునే అల్యూమినియం రంధ్రం కన్నా సుమారు 0.05 నుంచి 0.10 మి.మీ. ఎక్కువగా ఉండాలి. అంతకన్నా వదులుగా ఉంటే వేడి సరిగా బయటికి పోక పిస్టన్ పట్టేస్తుంది.

పాత స్లీవ్ తీయడానికి మంట వాడకూడదు. ఒకేచోట వేడి తగిలితే సిలిండర్ వంకర పోతుంది. ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు మొత్తం సమానంగా వేడెక్కనివ్వాలి. అల్యూమినియం, పోత ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, హెడ్ కూర్చునే ముఖం కిందికి పెట్టి, అంచుల కింద చెక్కలు ఉంచితే స్లీవ్ తన బరువుతోనే జారుతుంది, లేదా స్కర్ట్ (స్లీవ్ కింది చివర) వైపు నుంచి చెక్కతో తేలిగ్గా తడితే కదులుతుంది. మందపాటి తోలు చేతి తొడుగులు తప్పనిసరి.

పాత స్లీవ్‌లో ఉన్నచోటే కొత్త స్లీవ్ కాలర్ మీదా గీత గీసి, దాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాలి. సిలిండర్‌ను మళ్లీ అదే వేడికి తెచ్చి, బయటి మంచును గుడ్డతో తుడిచిన స్లీవ్‌ను, గీతలు కలిసేలా ఒక్క ఊపున దింపాలి. మధ్యలో ఆగితే సుత్తి ఎత్తవద్దు. మొత్తాన్ని మళ్లీ వేడి చేసి బయటికి తీసి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. చల్లారేటప్పుడు స్లీవ్ కొద్దిగా పైకి లేచే ప్రమాదం ఉంది కాబట్టి, కాలర్ మీద చదునైన పలక పెట్టి బిగించి అలాగే వదలాలి. ఈ దశను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా దృష్టిలో పనంతటిలో ఇదే అతి ముఖ్యం. చల్లారాక ముందుగా రాసుకున్న దూరంతో ఎగ్జాస్ట్ పోర్టును మళ్లీ కొలవాలి.

కాలర్ పైముఖం దాటి ఎత్తుగా ఉంటే మెషిన్ షాపులో చదును చేయించాలి. స్లీవ్ పోర్టులకూ అల్యూమినియం పోర్టులకూ మధ్య మెట్టు ఉంటే చిన్న ఆకురాయితో నునుపు చేయాలి. పవర్ వాల్వ్ రేకు స్లీవ్‌కు తగలకుండా కదులుతుందో లేదో చేత్తో తిప్పి చూడాలి. తరువాత బోరు కొట్టించేటప్పుడు వేయబోయే పిస్టన్‌నే మెషినిస్టు చేతికి ఇవ్వాలి. పిస్టన్‌కూ బోరుకూ మధ్య గ్యాప్ పిస్టన్ తయారీదారు చెప్పినంతే ఉండాలి. హోనింగ్ (బోరు గోడను సన్నని రాళ్లతో తీర్చడం) తరువాత ప్రతి పోర్టు అంచునూ పైనా కిందా సన్నగా వాలుగా చేయాలి, ఎందుకంటే టూ స్ట్రోక్‌లో రింగు ప్రతి స్ట్రోక్‌లోనూ ఆ కిటికీల మీదుగానే పోతుంది, పదునైన అంచు దాన్ని విరిచేస్తుంది.

హోనింగ్ పొడి మిగిలితే కొత్త రింగులను అదే అరగదీస్తుంది. వేడి సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడిగి, నూనె అద్దిన తెల్ల గుడ్డ తుడిచాక బూడిద రంగు పట్టనంత వరకు మళ్లీ కడగాలి. రింగును బోరులో చదునుగా కూర్చోబెట్టి, దాని రెండు కొనల మధ్య గ్యాప్ కొలిచాకే పిస్టన్‌కు ఎక్కించాలి. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు ఉండాలి, పిన్ క్లిప్పులు కొత్తవే వాడాలి. హెడ్ నట్లను ఎదురెదురు జతలుగా, విడతలుగా మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి.

మొదటిసారి స్టార్ట్ చేశాక ఇంజన్‌ను వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లార్చి, ఇలా కొన్ని సార్లు చేసిన తరువాతే బండి కదపాలి. ఆ తరువాత ఎగ్జాస్ట్ పైపు విప్పి, పోర్టులోంచి పిస్టన్ పక్కను టార్చితో చూస్తే, నిలువు గీతలు లేకుండా సమానంగా మెరుస్తూ ఉండాలి. గీతలు కనబడితే సిలిండర్ విప్పి పిస్టన్‌కూ బోరుకూ మధ్య గ్యాప్‌ను మళ్లీ కొలవాలి.