సెల్యులార్ మోడెమ్‌తో పరికరాలను కలపడం: ఏ అవసరానికి ఏ పద్ధతి

మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతంలో ప్రాణహిత నది ఒడ్డున ఉన్న మోటారు స్టార్టరునో, నీటిమట్టం కొలిచే సెన్సారునో ఊళ్లో ఉండి గమనించాలంటే అంత దూరం కేబుల్ లాగడం కష్టం కనుక సిమ్ పెట్టుకునే మోడెమే ఆధారమవుతుంది. దాన్ని కొనే ముందే, సంభాషణ మొదలుపెట్టవలసింది పొలంలోని పరికరమా, ఇంటి దగ్గరి ఫోనా అన్నది తేల్చుకోండి.

మోటారు వేయడం, ఆపడం, కరెంటు వచ్చిందో లేదో తెలుసుకోవడం వరకే అయితే ఎస్సెమ్మెస్ చాలు. ఒక సందేశంలో ఇంగ్లిషు అక్షరాలు 160 పడితే తెలుగు, మరాఠీ లిపుల్లో 70 మాత్రమే పడతాయి కాబట్టి ఆదేశాలు పొట్టి ఇంగ్లిషు మాటల్లో ఉండడం మేలు. అయితే సందేశం ఎప్పుడు చేరుతుందో హామీ లేదు. ఆలస్యంగా అందిన ‘ఆన్’ ఆదేశం, ఆ సమయానికి మోటారును విప్పి బాగుచేస్తున్న మనిషి ప్రాణం తీయవచ్చు. అందుకే సందేశం మీది సమయాన్ని చూసి పాత ఆదేశాన్ని తిరస్కరించేలా, అనుమతించిన నంబర్ల మాటే వినేలా అమర్చడం తప్పనిసరి. మరమ్మతు చేసేవారు మెయిన్ స్విచ్ ఆపేయకుండా మోటారుపై చేయి వేయకూడదు.

రీడింగులు రోజంతా అందుతూ ఉండాలంటే డేటా పద్ధతి కావాలి. మోడెమ్‌ను టీసీపీ (ముందు కనెక్షన్ కలుపుకుని డేటా పంపే పద్ధతి) సర్వర్‌గా పెడితే అది బయటి నుంచి వచ్చే కనెక్షన్ కోసం వేచి ఉంటుంది. కానీ సాధారణ సిమ్‌కు దక్కే ఐపీ చిరునామా ఎక్కువగా ప్రైవేటుది, అంటే ఆ కంపెనీ నెట్‌వర్క్ లోపలే చెల్లేది కనుక బయటివారు దాన్ని చేరలేరు. బయటి నుంచి చేరగలిగే, మారని చిరునామా (స్టాటిక్ ఐపీ) లేనప్పుడు మోడెమ్‌ను క్లయింట్‌గా ఉంచి, అదే మీ సర్వర్‌తో కలిసేలా చేయండి. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను నెట్‌వర్క్ తెంచేస్తుంది కాబట్టి కీప్‌అలైవ్ (అప్పుడప్పుడూ చిన్న సంకేతం పంపుతూ కనెక్షన్‌ను నిలిపి ఉంచే ఏర్పాటు) కూడా పెట్టాలి. రీడింగులు పంపడం, ఆదేశాలు అందుకోవడం రెండూ అవసరమైతే నేను ఎమ్‌క్యూటీటీనే (బ్రోకర్ అనే నడిమి సర్వర్ ద్వారా సందేశాలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) సిఫారసు చేస్తాను, ఎందుకంటే మోడెమ్ లైను హఠాత్తుగా తెగితే ఆ సంగతిని బ్రోకరే తెలియజేసే ఏర్పాటు అందులో ఉంది. కనెక్షన్ కలుపుకోకుండానే పంపే యూడీపీ పద్ధతికి డేటా తక్కువ పడుతుంది గాని, పంపినది చేరిందో లేదో తనంతట తాను చెప్పదు.

ఆర్ఎస్-485 (సీరియల్ తీగలతో డేటా పంపే పద్ధతి) మీటరును కలిపేటప్పుడు ట్రాన్స్‌పరెంట్ మోడ్ వాడితే మీటరు పంపిన బైట్లు ఉన్నవి ఉన్నట్టే అవతలికి వెళతాయి. మీటరుకూ మోడెమ్‌కూ బాడ్ రేటు (డేటా వేగం), ప్యారిటీ (తప్పు పట్టే బిట్ అమరిక) ఒకటే ఉండాలి. నెట్‌వర్క్ జాప్యం వల్ల మోడ్‌బస్ ఆర్‌టీయూ (మీటర్ల రీడింగులు అడిగి తెలుసుకునే ఒక పద్ధతి) జవాబు ముక్కలుగా చేరి తప్పుగా లెక్కకు రావచ్చు కాబట్టి, చదివే సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌అవుట్ (జవాబు కోసం వేచి ఉండే గడువు) పెంచండి.

2జీకే పరిమితమైన మోడెమ్‌లో జియో సిమ్ పనిచేయదు. ఇక నది ఒడ్డున ఎక్కువగా ఎదురయ్యే చిక్కు, మహారాష్ట్ర సిమ్ అవతలి తెలంగాణ టవరును పట్టుకోవడం. మోడెమ్‌ను ఏ నెట్‌వర్క్‌లో నమోదై ఉందో చెప్పమనే ఏటీ+సీఆర్ఈజీ? (AT+CREG?) ఆదేశంతో అడిగినప్పుడు జవాబులోని రెండో అంకె 1 అయితే సొంత నెట్‌వర్క్, 5 అయితే రోమింగ్. మీ చోట 5 కనిపిస్తుంటే మోడెమ్‌లో డేటా రోమింగ్‌ను ఆన్ చేయండి, లేదా దిశ గల యాంటెన్నాను ఇవతలి టవరు వైపు తిప్పి మళ్లీ అడిగి చూడండి.